ఏటి మనిషి నిలవనీటికి వెళ్ళిన రోజు

మా మరిది ఎల్ఫెడ్ ప్రోబర్ట్ డెబ్భై నాలుగేళ్ళ వయసులో, జీవితంలో మొదటిసారి, కదలని నీళ్ళలో ట్రౌటు చేప పట్టడానికి వెళ్ళాడు. ఇదీ ఒక విశేషమేనా అని మీకు అనిపించవచ్చు. మా లోయలో ఎవరినైనా అడిగి చూడండి. ఏట్లో నిలబడి ముసలివాడైన మనిషి కొండ మీది రిజర్వాయరుకి గాలం పట్టుకొని వెళ్ళాడంటే, చాపెల్లో ముందు వరసలో కూచునే పెద్దమనిషి పబ్బులో మోకరిల్లి ప్రార్థన చేసినట్టే. ఇక్కడివాళ్ళు దాన్ని నెలరోజులు చెప్పుకుంటారు.

నేను ఓల్వెన్‌ని. ఎల్ఫెడ్ భార్య నెస్టాకి అక్కని. బడి వంటింట్లో ముప్పై ఏళ్ళు గరిటె తిప్పాను, పెళ్ళి చేసుకోలేదు, చెల్లెలి ఇంటికి నాలుగు గుమ్మాల అవతల ఉంటాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని అంటారు. అననివ్వండి, అది అబద్ధమేం కాదు. ఆ రోజు రిజర్వాయరు దగ్గర నేను లేను. అక్కడ జరిగిందాంట్లో సగం ఆయనతో వెళ్ళిన హేడెన్ చెప్పాడు, పావువంతు ఎల్ఫెడ్ చెప్పాడు, మిగతాది యాభై ఏళ్ళుగా ఆ మనిషిని చూస్తున్నదాన్ని కాబట్టి నేనే ఊహించుకోగలను.

ఎల్ఫెడ్ పదిహేనో ఏట బొగ్గుగనిలోకి దిగాడు. ఆ రోజుల్లో మా టాఫ్ నది బొగ్గు కడిగిన నీళ్ళతో నల్లగా పారేది. అందులో చెయ్యి ముంచితే గోళ్ళ సందుల్లో నలుపు రెండు రోజులు పోయేది కాదు. చేపలు కావాలంటే గనులకి పైన, కొండవాగుల దాకా నడవాలి. సెలవు దొరికిన ప్రతి ఆదివారం ఎల్ఫెడ్ అలాగే నడిచేవాడు. కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి ఈగల్ని తనే తయారు చేసుకునేవాడు. నీటి మీద అసలు ఈగలు తేలివచ్చినట్టు వాటిని తేలుస్తాడు, ట్రౌటు మోసపోయి నోరు తెరుస్తుంది. ఈ విద్యలో ఆయనని మించినవాడు లేడని శత్రువులు కూడా ఒప్పుకుంటారు.

తర్వాత గనులు మూతపడ్డాయి. మగవాళ్ళ పనులు పోయాయి, ఎల్ఫెడ్ బడి బస్సు నడిపే పనిలో చేరాడు. మనుషులు తేరుకోలేదు గానీ నది తేరుకుంది. రెండు మూడేళ్ళకి నీళ్ళలో అడుగున రాళ్ళు కనిపించాయి. ఒక వసంతంలో పాత గని ఎదుట వంతెన కింద ట్రౌటు ఒకటి ప్రవాహానికి ఎదురుగా నిలబడి ఉండగా ఎల్ఫెడ్ చూశాడు. పరుగున వచ్చి పబ్బులో చెబితే ఇరవైమంది గ్లాసులు వదిలేసి వెళ్ళి వంతెన మీద వంగి చూశారట.

ఆ ఏడే వాళ్ళు చేపల క్లబ్బు పెట్టుకున్నారు, ఒకే ఒక నియమంతో. మా ఏటి ట్రౌటు ఒక్కటి కూడా ఎవరి ఇంటికీ వెళ్ళకూడదు. పట్టుకోవచ్చు, చూసుకోవచ్చు, వదిలెయ్యాలి. ఆ నియమం ప్రతిపాదించింది మా మరిదే. ఈ నదిని నల్లగా చేసింది మనమే, అది మళ్ళీ ఇస్తే తీసుకోవడానికి మనకి మొహం లేదు అన్నాడట మీటింగులో. చేప ఊడిపోకుండా గాలం కొక్కేనికి వెనక ఉండే ముల్లుని పట్టకారుతో నొక్కెయ్యాలి, చేపని ముట్టుకునే ముందు చెయ్యి తడుపుకోవాలి, గాలం తీశాక దాని తలని ప్రవాహానికి ఎదురుగా తిప్పి, అది ఊపిరి తీసుకొని తనంతట తాను వెళ్ళేదాకా ఊరికే ఆనించి పట్టుకోవాలి. ఇరవై ఎనిమిదేళ్ళు ఎల్ఫెడ్ చేతులు వేలసార్లు ఆ పని చేశాయి.

నియమం పెట్టిన మొదటి ఏడే హేడెన్ రీస్ అనే అతను ఒక చేపని కోటు లోపల పెట్టుకొని ఇంటికి పట్టుకుపోయాడు. ఎల్ఫెడ్‌తో పాటు గనిలో ఒకే సొరంగంలో పనిచేసిన మనిషి. ఎల్ఫెడ్ మీటింగు పిలిచి, చేతులెత్తించి, అతన్ని క్లబ్బులోంచి తీసేశాడు. హేడెన్ గాలం భుజాన వేసుకొని కొండ మీది రిజర్వాయరుకి మారిపోయాడు. అక్కడ టికెట్టు తీసుకుంటే రెండు చేపలు ఇంటికి తెచ్చుకోవచ్చు. అప్పట్నించీ ఏటివాళ్ళకి అతను ‘గుంట హేడెన్’. ఎల్ఫెడ్, అతనూ ఎదురుపడితే తలలు ఊపుకునేవాళ్ళు, అంతకు మించి మాట లేదు.

ఇప్పుడు నెస్టా సంగతి చెప్పాలి. క్రిస్మస్ తర్వాత ఆమెకి కడుపులో పుండు అన్నారు, తర్వాత పుండు కాదన్నారు. ఆపరేషన్ చేసినా లాభం లేదన్నారు. ఏప్రిల్‌కల్లా తిండి మానేసింది. మానెయ్యాలని కాదు, ముద్ద దిగేది కాదు. ఎల్ఫెడ్ దాన్ని ఒప్పుకోలేదు. ఉదయం లేస్తే చెంచా పట్టుకునేవాడు. ఓట్స్ గంజి, సూపు, కస్టర్డ్, పాలలో ఉడికించిన బియ్యం, ఏదో ఒకటి గిన్నెలో వేసుకొని మంచం పక్కన కూచునేవాడు. ఒక్క చెంచా, నా కోసం, ఇంకొక్కటి. ఆమె పెదాలు బిగించేది. మళ్ళీ గంటకి కొత్త గిన్నె. ఆయన విశ్రాంతి తీసుకునే వేళకి నేను గిన్నె పట్టుకొని తయారయ్యేదాన్ని. నర్సు వచ్చినప్పుడల్లా మా ఇద్దరికీ చెప్పేది, బలవంతం చెయ్యకండి, ఆకలి పోవడం ఈ రోగంలో ఒక భాగం, తినిపించినా అది ఆమెకి బాధే తప్ప బలం కాదు అని. మేం తలలూపేవాళ్ళం. ఆమె కారు మలుపు తిరగ్గానే సూపు వేడి చేసేవాళ్ళం.

ఎల్ఫెడ్ కుర్చీలోనే నిద్రపోయేవాడు, అది కూడా అరగంట చొప్పున. చొక్కాలు వదులైపోయాయి. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో ఎప్పట్నించో ఉంది, ఇప్పుడు మెట్లెక్కితే నడుమ రెండుసార్లు ఆగేవాడు. తను తింటున్నాడా అని నేను ఎప్పుడూ అడగలేదు. నా కళ్ళు చెల్లెలి మీదే ఉన్నాయి. అలసట ఎంత పెరిగిందంటే మేమిద్దరం ఒకరి మీద ఒకరం అరుచుకోవడం కూడా మానేశాం, నా విషయంలో అది చిన్న మార్పు కాదు.

మే నెల మొదటి ఆదివారం నెస్టా సగం నిద్రలో ఒక మాట అంది. “అమ్మ ట్రౌటు వేయిస్తోంది. వాసన వస్తోంది.” మా అమ్మ ట్రౌటుకి పంది మాంసపు పల్చటి ముక్కలు చుట్టి వేయించేది. మా చిన్నప్పుడు నాన్న కొండవాగుల నుంచి తెచ్చేవాడు. నెస్టా తినాలని ఉంది అనలేదు, వాసన వస్తోంది అంది, అంతే. ఎల్ఫెడ్‌కి మాత్రం అది దేవుడి ఆజ్ఞలా వినిపించింది. ట్రౌటు తింటే నిలబడుతుంది అనుకున్నాడు. ఆ ఒక్క పూట కడుపు నిండా తింటే రోగం దారి మళ్ళుతుందని, ఇంత వయసొచ్చిన మనిషి, చంటిపిల్లాడిలా నమ్మాడు. నేనూ నమ్మాను, ఇప్పుడు దాచడం దేనికి.

నేను బజారుకి వెళ్ళి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన ట్రౌటు తెచ్చి వండాను. నెస్టా పెదాలకి తాకించుకొని మొహం తిప్పేసింది. అప్పుడు నేను ఎల్ఫెడ్‌తో అన్నాను, ఏట్లోంచి ఒక్కటి పట్టుకురా, ఎవరికి తెలుస్తుంది అని. “నాకు తెలుస్తుంది” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పెళ్ళాం కన్నా చేపే ఎక్కువా నీకు, అని ఇంకా అనకూడనివి కూడా అన్నాను. ఆయన సింకు దగ్గర నిలబడి ఒకే కప్పుని అలా కడుగుతూనే ఉన్నాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం, మా మరిది.

మర్నాడు పొద్దున కోటు వేసుకొని హేడెన్ ఇంటి తలుపు తట్టాడు. హేడెన్ తలుపు తీసి, ఎదురుగా ఎల్ఫెడ్‌ని చూసి, ఎవరో చచ్చిపోయారనుకున్నాడట. నెస్టాకి ఒక చేప కావాలి, నీ నీళ్ళలో పట్టుకోనిస్తావా అని అడిగాడు ఎల్ఫెడ్. ఫ్రీజర్లో మూడున్నాయి, ఇప్పుడే పట్టుకుపో అన్నాడు హేడెన్. ఫ్రీజర్లోది వద్దు, నేనే పట్టి పెట్టాలి అన్నాడు ఈయన. హేడెన్ అతని వదులైన చొక్కా వైపు ఒకసారి చూసి, గురువారం ఎనిమిదింటికి వ్యాన్ తెస్తాను, టీ నేను పోస్తాను, నువ్వు గాలం తెచ్చుకో అన్నాడట. పాత లెక్కల గురించి ఇద్దరూ ఒక్క మాట ఎత్తలేదు.

గురువారం నేను నెస్టా దగ్గర కూచున్నాను. వాళ్ళిద్దరూ కొండెక్కారు.

రిజర్వాయరు ఒడ్డున దిగి ఎల్ఫెడ్ చాలాసేపు ఊరికే చూశాడట. ఏట్లో అయితే ఆయనకి నీళ్ళే అన్నీ చెబుతాయి. ఫలానా బండ వెనక ఒకటుంటుంది, ఫలానా మడుగు అంచున ఇంకొకటి, అన్నీ ఎగువకే మొహం పెట్టి నిలబడతాయి, తిండి వాటి నోటి దగ్గరికి కొట్టుకొస్తుంది. ఇక్కడ అంతా ఒకటే పళ్ళెంలా ఉంది. ఎగువ లేదు, దిగువ లేదు. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియని మనిషి తనకి తెలిసిన పనే చేశాడు. తొడల దాకా ఉన్న రబ్బరు బూట్లతో సూటిగా నీళ్ళలోకి నడిచాడు. ఏటి మనిషి అంతే, నీళ్ళు కనబడితే అందులో నిలబడాలి. నాలుగడుగులు వేశాడో లేదో కాళ్ళ పక్కనుంచి మూడు చేపలు దూసుకుపోయాయి.

హేడెన్ రాయి మీద కూచుని టీ పోసుకుంటున్నాడు. ఏటి దొరా, బయటికి రా అన్నాడు, ఇక్కడ చేపలు ఒడ్డునే తిరుగుతూ తింటాయి, నువ్వు తిన్నగా వాటి భోజనాల బల్ల మీద కాలు పెట్టావు అన్నాడు. ఎల్ఫెడ్ నీళ్ళోడుతూ బయటికొచ్చాడు.

తర్వాత ఈగని విసిరాడు. ఆ విసురు చూస్తే ఇప్పటికీ ముచ్చటే అంటాడు హేడెన్. ఈగ దూరంగా మెత్తగా వాలింది. ఎల్ఫెడ్ ఎదురుచూశాడు, నీళ్ళు దాన్ని మోసుకొస్తాయని. నీళ్ళు మోసుకురాలేదు. ఈగ ఎక్కడ పడిందో అక్కడే కూచుంది. ఆయన కూడా అలాగే నిలబడ్డాడు, అయిదు నిమిషాలు, పది నిమిషాలు. హేడెన్‌కి మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆ మనిషి మొహం చూస్తే నవ్వు రాలేదట. లేచి వెళ్ళి పక్కన నిలబడి చెప్పాడు, ఇక్కడ నీళ్ళు నీకు పని చేసిపెట్టవు, ఈగని ముంచి పది దాకా లెక్కపెట్టు, తర్వాత లైను దారాన్ని వేళ్ళ చుట్టూ అల్లుకుంటూ మెల్లగా లాగు, ఇక్కడ అన్నీ నువ్వే చెయ్యాలి అని.

ఇంట్లో నాలుగు నెలలుగా అన్నీ తనే చేస్తున్న మనిషికి కొండ మీద కూడా అదే పని దొరికింది.

విసరడం, లెక్కపెట్టడం, అల్లుకుంటూ లాగడం, మళ్ళీ విసరడం. తొమ్మిది నుంచి పన్నెండు దాకా అదే. ఏట్లో ఒక్కో చేప కోసం నాలుగడుగులు ముందుకి వెయ్యొచ్చు, కొత్త మలుపు చూడొచ్చు, ఏరు మాట్లాడుతూ ఉంటుంది, మనిషికి తోడు. ఇక్కడ ఏమీ కదలదు. భుజం లాగింది, ఊపిరి అందక గుండె మీద చెయ్యి పెట్టుకొని రెండుసార్లు ఆగాడు. ఒకసారి లైను నీళ్ళలోనే వదిలి రాయి మీద కూలబడి, గాలం ఒళ్ళో పెట్టుకొని నిద్రపోయాడు. హేడెన్ లేపలేదు. తన గాలం పక్కన పెట్టి, ఎల్ఫెడ్ గాలం నీళ్ళలోకి జారకుండా కాలు అడ్డం పెట్టి ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. లేచాక ఎల్ఫెడ్‌కి సిగ్గేసింది. అక్కడ ఆమె పస్తుంటే నేను నిద్రపోతున్నానా అన్నాడట, హేడెన్‌తో కాదు, తనతో తనే.

ఒంటిగంటకి హేడెన్‌కి ఒకటి పడింది. చేతివలతో పైకెత్తి, తల మీద చిన్న కర్రతో రెండు దెబ్బలు వేసి గడ్డిలో పడుకోబెట్టాడు. ఎల్ఫెడ్ తల పక్కకి తిప్పుకున్నాడు. హేడెన్ ఆ కర్రని కడిగి అతని జేబులో పెట్టాడు, నీకూ కావలసొస్తుంది, వెనకాడకు, నెస్టాని తలుచుకొని కొట్టెయ్యి అన్నాడు. ఎల్ఫెడ్ సరేనన్నాడు. కొడతాననే అనుకున్నాడు. అందులో నాకు అనుమానం లేదు.

రెండున్నరకి ఎల్ఫెడ్ వేళ్ళ మధ్య లైను బిగిసింది.

చేప ఏటి చేపలా పరిగెత్తలేదట, కిందికి దిగింది, లోతుకి, బరువుగా. తోడు రావడానికి ప్రవాహం లేదు. ఎల్ఫెడ్ దానికి లైను వదిలాడు, తీసుకున్నాడు, వదిలాడు. ఊపిరి ఈలలా వస్తోంది. హేడెన్ వల పట్టుకొని రాబోతే వద్దని చెయ్యి ఊపాడు. పావుగంటకి అది ఒడ్డు నీళ్ళలోకి వచ్చి పక్కకి ఒరిగింది. ముదురు గోధుమరంగు ఒళ్ళు, ఎర్రటి చుక్కలు, ఇద్దరికి సరిపోయేంత చేప. ఎల్ఫెడ్ నీళ్ళలో మోకాళ్ళ మీద కూచున్నాడు. ఎడమ చెయ్యి ముంచి తడుపుకున్నాడు. దాన్ని చేప పొట్ట కింద ఆనించాడు. కుడిచేతి రెండు వేళ్ళతో గాలం పట్టి కొంచెం తిప్పాడు. పొద్దున్నే ముల్లు నొక్కేసి తెచ్చుకున్న గాలం, ఇట్టే ఊడొచ్చింది. తర్వాత చేప తలని ప్రవాహానికి ఎదురుగా తిప్పబోయాడు. ప్రవాహం లేదు. ఆ చేతులు ఒక్క క్షణం అటూ ఇటూ వెతికాయని హేడెన్ చెప్పాడు. చివరికి గాలి వచ్చే వైపు తిప్పాయి. చేప మొప్పలు రెండుసార్లు తెరుచుకున్నాయి. మూడోసారికి వెళ్ళిపోయింది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఈ బుద్ధి పుట్టుకతో కూడా వచ్చింది కాదు, క్లబ్బు మీటింగులో వచ్చింది. అయినా పోలేదు.

ఎల్ఫెడ్ నీళ్ళలోనే ఉన్నాడు, చేతులు ఇంకా చేపని పట్టుకున్నట్టే పెట్టుకొని. కాసేపటికి ఎల్ఫెడ్ తన చేతుల వంక చూసుకున్నాడు.

“హేడెన్, నేనేం చేశాను?”

“వదిలేశావయ్యా.”

అప్పుడు ఏడ్చాడట. గని మూసేసిన రోజున అందరూ ఏడిస్తే గట్టుమీద ఒంటరిగా టోపీ దులుపుకుంటూ నిలబడ్డ మనిషి, కొండ మీద నీళ్ళలో మోకాళ్ళ మీద కూచుని ఏడ్చాడు. హేడెన్ చంకల కింద చెయ్యివేసి లేపి రాయి మీద కూచోబెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్ళు లోపల దాచుకున్న మాట అప్పుడు అన్నాడు, కోపంగా కాదు, అలిసిపోయి అన్నాడు. “ఆ రోజు వదల్లేదని నన్ను వెళ్ళగొట్టావు. ఇవాళ వదిలేశానని ఏడుస్తున్నావు. నీతో వేగడం కష్టమయ్యా ఎల్ఫెడ్.” ఎల్ఫెడ్ తలూపి, అవును, ఆ రోజు నీకు ఒక అవకాశం ఇవ్వాల్సింది అన్నాడు. టీ చల్లారిపోయింది, అయినా ఇద్దరూ తాగారు.

నాలుగు దాకా మళ్ళీ విసిరాడు. ఏదీ ముట్టలేదు. నర్సు వచ్చే వేళ అవుతోందని గాలం విప్పాడు. హేడెన్ తన చేపని తడిగడ్డిలో చుట్టి ఎల్ఫెడ్ సంచిలో పెట్టి, నువ్వే పట్టావని చెప్పు, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. సరిగ్గా నేనన్న మాటే. లోకంలో తెలివైనవాళ్ళందరం ఒకేలా ఆలోచిస్తాం.

సంచిలో చేప చూడగానే నా అలసటంతా ఎగిరిపోయింది. ఎల్ఫెడ్ మొహం వంక చూసే తీరిక కూడా లేదు నాకు. చేపని శుభ్రం చేసి, ఉప్పు రాసి, అమ్మ చేసినట్టే పంది మాంసపు ముక్కలు చుట్టి, పెనం మీద పెట్టాను. ఇల్లంతా ఆ వాసన. మా అమ్మ వంటింట్లో ఉన్నట్టే అనిపించింది. ఆ పది నిమిషాలు ఆ ఏడాది మొత్తంలో నాకు దొరికిన సంతోషం. పళ్ళెం తీసుకెళ్తే నెస్టా దిండుకి ఆనుకొని మేలుకునే ఉంది. కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి ఆ సాయంత్రం. ఎల్ఫెడ్ మంచం పక్కన కూచుని ముళ్ళు తీసి, చిన్న ముక్క చెంచాలో పెట్టి ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు.

ఆమె చేప వంక చూడలేదు, ఆయన మొహం వంక చూసింది.

“నువ్వే పట్టావా?”

అవునను, దేవుడి దయ ఉంటే ఒక్కసారి అవునను, అని నేను ఎల్ఫెడ్ వీపు వెనక నిలబడి మనసులో మొక్కుకున్నాను. ఆయన చెంచా పళ్ళెంలో పెట్టేశాడు. జరిగిందంతా చెప్పాడు, నీళ్ళలోకి నడవడం దగ్గర్నించి, నిద్రపోవడం, చేప పడటం, తన చేతులు చేసిన పని, హేడెన్ చేప. దాచలేదు. నెస్టా కళ్ళు మూసుకొని వింది. నిద్రపోయిందనుకున్నాను.

“అక్కడ పారే నీళ్ళు లేవుగా” అంది చివరికి. “దాన్ని ఎటు తిప్పి పట్టుకున్నావు?”

“గాలికి ఎదురుగా.”

“బాగా వెళ్ళిందా?”

“బాగానే వెళ్ళింది, నెస్ట్. కొంచెంసేపు చేతుల్లో నిలబడింది. తర్వాత వెళ్ళింది.”

ఆమె భుజాలు కదిలాయి. నొప్పనుకొని నేను ముందుకు వంగాను. నొప్పి కాదు, నవ్వుతోంది. చప్పుడు లేదు, చప్పుడు చేసే బలం లేదు, కానీ నవ్వు నవ్వే. నవ్వు ఆగాక ఆయన చెయ్యి వెతికి పట్టుకుంది.

“విడిచిపెట్టడం నీకు రాకపోలేదు, ఎల్ఫెడ్. ఊళ్ళో చేపలన్నిటికీ చేశావు. నా దగ్గరికొచ్చేసరికి చెంచా పట్టుకొని వెంటపడుతున్నావు.” అని కాస్త ఊపిరి తీసుకొని నా వైపు కూడా చూసింది. “అక్క ఇంకో రకం. తనకి అసలు వదలడమే రాదు.”

ఎవరి మీదైనా అరవాలనిపించింది నాకు. అరవడానికి ఎవరూ లేరు. నర్సు చెప్పింది, డాక్టరు చెప్పాడు, నెస్టా పెదాలు బిగించి రోజుకి ఆరుసార్లు చెప్పింది. ప్రేమే కదా అనుకుంటూ మేం ఆమెని ఏడిపించాం. నా చెల్లెలు చచ్చిపోతోందని ఆ నిమిషం దాకా నేను ఒప్పుకోలేదు. అప్పుడు ఒప్పుకున్నాను, అక్కడే నిలబడి, చేతిలో పెనం గుడ్డతో.

ఎల్ఫెడ్ పళ్ళెం తీసి పక్క బల్ల మీద పెట్టబోయాడు. నెస్టా ఆపింది.

“దాన్ని చల్లారబెట్టకు. నువ్వు తిను. నాకు కనబడేట్టు కూచుని తిను.”

ఆయన వద్దన్నాడు. ఆమె ఊరికే చూస్తూ ఉంది. ఎల్ఫెడ్ కుర్చీ ఆమెకి ఎదురుగా జరుపుకొని పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నాడు. మొదటి ముక్క మింగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఆకలి తెలిసింది. ఆ మనిషి నిండుగా ఒక పూట తిని ఎన్నాళ్ళయిందో అప్పుడు చూస్తే అర్థమైంది నాకు. అటుపక్క తిని, చేపని తిప్పి ఇటుపక్క తిన్నాడు. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తింటూనే ఉన్నాడు. రొట్టెతో పళ్ళెం తుడిచేదాకా నెస్టా చూసి, అప్పుడు నిద్రపోయింది.

ఆ తర్వాత ఆమె పదహారు రోజులు ఉంది. అడిగితే టీ ఇచ్చాం, పెదాలు ఆరితే తడిపాం, అంతే. హేడెన్ రెండుసార్లు వచ్చి వంటింట్లో కూచుని నాతో పోట్లాడి వెళ్ళాడు. చివరి మధ్యాహ్నం ఎల్ఫెడ్ మంచం పక్కన కూచున్నాడు, నేను అటువైపు ఉన్నాను. నేను నెస్టా వేళ్ళని నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకున్నాను. ఆయన మాత్రం ఆమె చెయ్యి కింద తన చెయ్యి ఊరికే ఆనించి ఉంచాడు, ఆమె వెళ్ళేదాకా.